హోస్టైల్ సాక్షి ఖాజా మియా

కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చారని అడిగితే వాళ్లలో ఒకరిద్దరైనా ఏదో ఒక సినిమాలో కోర్టు సీను గురించి చెబుతారు. నాకు నవ్వు రాదు. అలాంటి ఒక సీనును నమ్మి బోనెక్కిన మనిషిని నేను దగ్గర నుంచి చూశాను. ఆయనకు ఏమైందో మీకు చెప్పాలి. గెలిచిన కేసుల గురించి చెప్పను. గెలిచిన రోజున మనం మిఠాయి తింటాం తప్ప ఏమీ నేర్చుకోం.

ఏ కోర్టో, ఏ జడ్జో అడగకండి. ఈ బొగ్గుబావుల ఊళ్ల చుట్టూ నేను మెట్లెక్కని కోర్టు లేదు. ఆ కేసులో ఉన్నవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాని రోజులవి, అంతవరకు చాలు.

మా సీనియర్

మా నాన్న రామకృష్ణాపూర్‌లో భూగర్భ గనిలో బొగ్గు నింపిన మనిషి. నేను లా చదివి నరహరి గారి ఆఫీసులో జూనియర్‌గా చేరినప్పుడు ఆయన నన్ను పొగడలేదు, భయపెట్టలేదు. మూడు నెలల పాటు కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టి, సాక్షి ఏం మాట్లాడాడో, జడ్జి ఏం రాయించాడో రెండూ పోల్చి చూసుకొమ్మన్నారు.

చూశాను. ఒక ముసలమ్మ తన పొలం గట్టు గురించి, ఆ గట్టు మీద పడిన దెబ్బల గురించి చాలాసేపు ఏడ్చుకుంటూ చెప్పింది. జడ్జి టైపిస్టుకు ఒక్క వాక్యం చెప్పాడు. మాకూ ముద్దాయికీ భూతగాదా ఉన్న మాట నిజమే, అని. పగతో కేసు పెట్టారని వాదించడానికి ఆ వాక్యం ముద్దాయికే పనికొచ్చింది.

"కోర్టులో మాట్లాడింది సాక్ష్యం కాదమ్మా. టైపైంది సాక్ష్యం," అన్నారు నరహరి గారు ఆ సాయంత్రం. నేను ఇన్నేళ్లూ చేసిన వకాలత్ అంతా ఆ మాటకు తాత్పర్యమే.

రోడ్డు మీద

బొగ్గుబావి కార్మికుడు ఓదెలు మొదటి షిఫ్టు దిగి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. వెనక నుంచి ఒక జీపు గుద్దింది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టర్‌ది ఆ జీపు. గుద్దిన చోటికి ఎదురుగానే ఖాజా మియా మెకానిక్ షెడ్డు. అందరికంటే ముందు ఉరికింది ఆయనే. ఓదెలు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. జీపు దిగిన మనిషిని చూశాడు. కాంట్రాక్టర్ కొడుకు. ఆ జీపును ఎన్నోసార్లు బాగుచేసిన ఖాజాకు అతను కొత్తవాడు కాదు. చివరికి ఆటో దొరికి దవాఖానకు తీసుకుపోయేసరికి ఓదెలు ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్‌లో వేరే మనిషి లొంగిపోయాడు. మొగిలి, కాంట్రాక్టర్ దగ్గర జీతానికి ఉన్న డ్రైవర్. నేనే నడిపాను అన్నాడు. కేసు అతని మీద పెట్టారు.

ఓదెలు భార్య స్వరూప నా దగ్గరికి వచ్చింది. చిన్న వయసు. ఏడవడం అయిపోయిన మొహం.

"మొగిలి గాదు మేడం. ఖాజా అన్న కండ్లార చూసిండు."

ఖాజాను పిలిపించి, చార్జిషీటులో ఆయన పేరు మీద పోలీసులు రాసిన వాంగ్మూలం చదివి వినిపించాను. జీపు నడిపింది మొగిలి అని నేను చూశాను, అని ఉంది అందులో.

"అరె, నేను గట్ల చెప్పనే లేదమ్మ," అన్నాడు ఖాజా, కుర్చీలోంచి లేచి. "ఎవరు రాసిండ్రు గిది? ఒక్కసారి స్టేషన్‌కు పిలిచి కూసోపెట్టిండ్రు. చాయ్ తాపిచ్చి పంపిండ్రు. అంతే."

మళ్లీ దర్యాప్తు జరపమని పై అధికారులకు అర్జీ పెట్టాం. జవాబు రాలేదు. నేనూ నరహరి గారూ ప్రాసిక్యూటర్‌ను కలిశాం. చాలా మర్యాదస్తుడు. ఎవరు కనిపించినా ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగేవాడు. మా మాట అంతా విని, "సాక్షి కోర్టుకు వచ్చి నిజం చెబుతానంటున్నాడు కదా. చెప్పనివ్వండి. కోర్టు ఉన్నది అందుకే కదమ్మా," అన్నాడు. కాదనడానికి అందులో ఒక్క మాట కూడా దొరకలేదు.

సినిమా

ఆ కేసు విచారణకు రాబోతున్న రోజుల్లోనే గోదావరిఖనిలో ఒక సినిమా ఆడింది. న్యాయవ్యవస్థలో లంచాల మీద తీసిన సినిమా. కాలనీలకు కాలనీలు కదిలాయి. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే హాలుకు పోయేవాళ్లు. స్వరూపను పక్కింటి ఆడవాళ్లు బలవంతాన తీసుకుపోయారు. నన్ను ఆమె బలవంతాన తీసుకుపోయింది.

సినిమాలో ఒక కామందు చేసిన హత్యకు ఆ ఇంటి వంటమనిషి సాక్షి. సినిమా అంతా ఆమె నోరు విప్పదు. చివర్లో బోనెక్కి, ఎవరూ అడగకుండానే వేలు ఎత్తి జడ్జినే చూపిస్తుంది. "నిన్న మధ్యాహ్నం ఆ దొర ఇంట్ల నువ్వు తిన్నది నా చేతి వంటే గదా. ఉప్పు సరిపోయిందా?" అంటుంది. తర్వాత ఒక్కొక్క మాట చెబుతూ పోతుంది. జడ్జి తలవంచి బెంచీ దిగుతాడు. హంతకుడికి అక్కడికక్కడే బేడీలు పడతాయి. హాలు ఊగిపోయింది. ఈలలు, తెర మీదికి కాగితం ముక్కలు. నా పక్కన స్వరూప కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ సీను అంత బాగా తీశారు. ఆ నటి కళ్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఖాజా మియా ఆ సినిమా మళ్లీ మళ్లీ చూశాడట. కోర్టుకు వెళ్లే ముందు నా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు.

"నాకు ఫికర్ లేదమ్మ. ఎవరు అడిగినా అడగకున్నా చెప్తా. అందరి ముంగట చెప్పినంక జడ్జి ఏం చేస్తడు? ఇనాలె గదా?"

"నిన్నెవరన్న బెదిరించిండ్రా ఖాజా భాయ్? ఎవరన్న వచ్చిండ్రా నీ దగ్గరికి?"

"ఎవ్వరు రాలె."

నాకు అదే వింతగా అనిపించింది. నిజం చెప్పే సాక్షి ఇంటికి చుట్టాలు ఎక్కువవుతారు. ఎప్పుడూ పలకరించనివాళ్లు పలకరిస్తారు. ఖాజా షెడ్డు వైపు కాంట్రాక్టర్ మనుషులు తొంగి కూడా చూడలేదు. మా ధైర్యం చూసి జంకారని స్వరూప అనుకుంది. నాకేమీ తోచలేదు.

స్వరూప మరో మాట అడిగింది. "మేడం, ఖాజా అన్నను మీరే అడుగుండ్రి. ఆ ప్రాసిక్యూటర్ వద్దు."

"నాకు అడిగే హక్కు లేదు స్వరూపా. క్రిమినల్ కేసుల మన తరఫున అడిగేది సర్కారు వకీలే. నేను ఆయన పక్కన కూసుంట, అంతే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి గీ నల్లకోటు ఎందుకేసుకున్నరు?"

బోను

బంట్రోతు పేరు పిలిచాడు. ఖాజా మియా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. గోళ్లలోని గ్రీజు మాత్రం పోలేదు. అటు ముద్దాయి బోనులో మొగిలి, తల దించుకుని. వెనక బెంచీల మీద ఓదెలుతో పనిచేసిన కార్మికులు కొందరు.

ప్రాసిక్యూటర్ లేచాడు. ప్రమాదం చూశావా? చూసిన సార్. జీపు గుద్దిందా? గుద్దింది సార్.

"ఆ జీపు నడిపింది ఈ బోనులో ఉన్న మొగిలే కదా?"

"కాదు సార్."

ఖాజా రెండు చేతులతో బోను కర్ర పట్టుకున్నాడు. అక్కడి నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. ఆయనే చెప్పాడు.

"గీయన జీపుల లేనే లేడు. నడిపినోడు కాంట్రాక్టర్ కొడుకు. నా షెడ్డు ముంగటనే దిగిండు. ఓదెలు తల నా ఒడిల ఉండె. బాబూ, పానం ఉన్నది, జల్ది నీ జీపుల ఏసుకపోదాం అన్న. నా దిక్కు చూసిండు సార్. చూసి, ఫోన్ల మాట్లాడుకుంట ఎనకకు పోయిండు. ఇంకో బండి వచ్చింది, ఎక్కి పోయిండు. జీపు ఆడనే ఉన్నది. దానికేం కాలె, మంచిగ నడుస్తది. తాళం ఆయన జేబుల ఉన్నది. ఓదెలు నీళ్లడిగిండు. నా పేరు పెట్టి అడిగిండు. ఆటో దొరికేదాక నేను గట్లనే కూసున్న సార్. ఆ జీపుల ఏసుకపోతె బతికేటోడు. సార్, మనిషి బతికేటోడు."

ఆ సంగతి నాకు కూడా అప్పటిదాకా తెలియదు. స్వరూపకు చెప్పలేక దాచుకున్నాడు. మెజిస్ట్రేట్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఎప్పుడూ కేసులు విసుగ్గా వినే మనిషి ఖాజా మొహంలోకి చూస్తున్నారు. సినిమాలో ఇలాంటి చోట సంగీతం ఉంటుంది, ఇక్కడ అది కూడా లేదు.

అప్పుడు టైపిస్టు వైపు చూశాను. అతని చేతులు మిషన్ మీద కదలకుండా ఉన్నాయి. జడ్జి ఏం చెబుతారా అని ఎదురుచూస్తున్నాడు.

ప్రాసిక్యూటర్ మెల్లగా లేచాడు. "సాక్షి పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికి విరుద్ధంగా చెబుతున్నాడు. ఇతన్ని హోస్టైల్‌గా ప్రకటించి క్రాస్ చేయడానికి అనుమతి కోరుతున్నాను."

హోస్టైల్ అంటే ఎదురు తిరిగిన సాక్షి. సాధారణంగా అమ్ముడుపోయినవాడికి వేసే పేరు.

మెజిస్ట్రేట్ కళ్లద్దాలు పెట్టుకున్నారు. టైపిస్టుకు రెండు వాక్యాలు చెప్పారు. ప్రమాద సమయంలో ముద్దాయి జీపు నడపడం లేదు. ఈ దశలో సాక్షిని హోస్టైల్‌గా ప్రకటించడమైనది. మిషన్ టకటకలాడింది.

నేను లేచాను. "అయ్యా, సాక్షి నడిపినవాడెవరో చెప్పాడు. అది రాయించండి."

"మీరు ప్రాసిక్యూటర్ ద్వారా రండి."

ప్రాసిక్యూటర్ వైపు తిరిగాను. ఆయన కాగితాలు తిరగేస్తూనే, "ఆ వ్యక్తి ఈ కేసులో లేడు కదమ్మా," అన్నాడు.

"కూర్చోండమ్మా," అన్నారు మెజిస్ట్రేట్. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత క్రాస్ మొదలైంది. ముద్దాయి మనుషులు నిన్ను కొనేశారు కదా అని అడిగాడు ప్రాసిక్యూటర్.

ఖాజాకు అర్థం కాలేదు. నా వైపు తిరిగాడు. "నన్నా?"

"ముద్దాయిని కాపాడటానికి అబద్ధం చెబుతున్నావు."

"అబద్ధం చెప్పనీకి నాకేం కర్మ సార్? నేను..."

"అవునా కాదా, అంతే చెప్పు," అన్నారు మెజిస్ట్రేట్.

"కాదు."

చివరికి మొగిలి తరఫు వకీలు లేచాడు. అంతసేపూ ఒక్క అభ్యంతరం కూడా చెప్పకుండా కూర్చున్న మనిషి. "అంటే ఆ జీపు మొగిలి నడపలేదు?" అని అడిగాడు. నడపలె, అన్నాడు ఖాజా. "చాలు," అని కూర్చున్నాడు.

బయటికి వచ్చాక ఖాజా మొహం వెలిగిపోతోంది. "చెప్పేసిన చెల్లె," అన్నాడు స్వరూపతో. "జడ్జి అద్దాలు తీసిండు, చూసినవా?" ఆమె ఆయన రెండు చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నేను ఆటో మాట్లాడతానని చెప్పి పక్కకు వెళ్లాను.

తీర్పు

కేసు కొట్టేశారు. మొగిలి జీపు నడిపాడనడానికి సాక్ష్యం లేదన్నారు.

ఆ వారంలోనే బార్ గదిలో మొగిలి వకీలు మా సీనియర్‌తో సరదాగా అన్న మాట నా చెవిన పడింది. "ఆ మెకానిక్ దగ్గరికి ఎవరూ పోవద్దని మావాళ్లకు నేనే చెప్పాను సార్. నిజం చెప్పేవాణ్ణి కదపకూడదు. అతను అబద్ధమాడి మొగిలే అని ఉంటే మాకు కష్టమయ్యేది." నరహరి గారు తాగుతున్న చాయ్ వదిలేసి లేచి వెళ్లిపోయారు.

అప్పటిదాకా నేను నిజాన్ని దాచడమే అవినీతి అనుకున్నాను. నిజాన్ని బోనెక్కించి, దానితోనే పని చేయించుకోవచ్చని ఆ రోజు తెలిసింది. అబద్ధపు ముద్దాయిని పెట్టు, నిజమైన సాక్షిని పిలువు. సాక్షి నిజమే చెబుతాడు, ముద్దాయి బయటపడతాడు. అసలువాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

పిల్లలూ, ఈ మాట జాగ్రత్తగా వినండి. ఆ మెజిస్ట్రేట్ లంచగొండి కాదు. ఎవరింట్లోనూ భోంచేసే మనిషి కాదు. సాక్షిని ఏ ప్రశ్నైనా అడిగే అధికారం జడ్జికి ఉంది. నడిపిందెవరు అని తానే అడిగి రాయించవచ్చు, ఆ మనిషిని కోర్టుకు రప్పించవచ్చు. ఆయన అడగలేదు. తన ముందుకు వచ్చిన ఫైలు వరకే ఆయన నిజాయితీ. అలాంటి నిజాయితీపరులను అక్రమార్కులు ఏరి కోరి వాడుకుంటారు. లంచగొండి జడ్జినైనా కొంచెం భయపెట్టవచ్చు. ఈయనను ఏం చేయగలం?

అప్పీలుకు పోదాం అంది స్వరూప. ఆమెకు చెప్పలేక చెప్పాను. ఆ తీర్పులో తప్పు లేదు. మొగిలి నిజంగానే నిర్దోషి. అప్పీలుకు పోతే, ఆ నిర్దోషికి శిక్ష వేయండని అడగాలి.

మళ్లీ దర్యాప్తు కోసం పెట్టిన పిటిషన్లు వాయిదాల మీద నడిచాయి. ఇలాంటి నేరానికి కొత్తగా కేసు పెట్టే గడువు కూడా చట్టంలో తక్కువే. అది గడిచిపోయింది. తర్వాత రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చింది. మేం వకీళ్లం కోర్టులు బహిష్కరించి టెంట్ల కింద కూర్చున్నాం. అది తప్పని నేను ఇప్పటికీ అనను. స్వరూప ఒకరోజు ఆ టెంటు దగ్గరికి వచ్చి, పాట అయిపోయేదాకా నిలబడి, "రాష్ట్రం వచ్చినంక మన కేసు నడుస్తదా మేడం?" అని అడిగింది. నడుస్తుందని నా పక్కన కూర్చున్న వకీలు చెప్పాడు.

గల్లీలో

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కోసింది వేరే సంగతి. తీర్పు మర్నాడు పేపర్ జిల్లా పేజీలో చిన్న వార్త పడింది. సాక్షి ఎదురు తిరగడంతో కేసు కొట్టివేత. కోర్టులో ఉన్నవాళ్లు కొద్దిమందే, పేపర్ చదివినవాళ్లు ఊరంతా.

ఓదెలు తమ్ముడు ఖాజా షెడ్డుకు వచ్చి స్పానర్ల పెట్టె ఎత్తి రోడ్డు మీద విసిరాడు. "మా అన్న రక్తం అమ్ముకున్నవ్," అన్నాడు. స్వరూప అడ్డంపడి చెప్పినా వినలేదు. ఎదురుగా చాయ్ హోటల్‌లో కూర్చునేవాళ్లు ఖాజాను చూసి నవ్వడం మొదలుపెట్టారు. కార్మికులు బండ్లు వేరే షెడ్డుకు తోలుకుపోయారు. ఆ చాయ్ హోటల్‌కు పోయి నేను స్వయంగా చెప్పాను. "మీరు వకీలు మేడం, మీరు గట్లనే చెప్తరు," అన్నారు.

షెడ్డు తీసేసి మంచిర్యాలలో తమ్ముడి దగ్గరికి పోదామని ఖాజా భార్య పోరింది. ఆయన కదలలేదు.

"పోతే నిజమైతది," అన్నాడు.

ఆ తర్వాత ఆయన సినిమాకు పోయినట్టు నేను వినలేదు.

మొగిలి

రాష్ట్రం వచ్చింది. సంబురాల ఊరేగింపులో జీపు మీద నిలబడి రంగులు చల్లినవాళ్లలో ఆ కాంట్రాక్టర్ కొడుకు ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నుంచి చూశాను.

కొన్నాళ్లకు మొగిలి నా ఆఫీసుకు వచ్చాడు. చూపు తగ్గిందని కాంట్రాక్టర్ పనిలోంచి తీసేశాడు. కోపంతో వచ్చాడనుకున్నాను. కాదు, మనిషి లోపల నలిగిపోయి ఉన్నాడు.

"మేడం, ఆ దినం నేను ఇంట్ల పండుకొని ఉన్న. పిలిచి, నీకేం కాదు, నువ్వు నడిపినవని చెప్పు అన్నరు. చెప్పిన. ఇప్పుడు నిజం చెప్త. ఏ కోర్టుల నిలబడుమంటె ఆ కోర్టుల నిలబడ్త."

అతనికి చట్టం వివరించాను. గడువు దాటింది. ఇక ఏ కోర్టూ ఈ మాట వినదు.

"మరి ఎవరికి చెప్పాలె?"

స్వరూప దగ్గరికి తీసుకుపోయాను. ఓదెలు ఉద్యోగానికి బదులు బొగ్గు కంపెనీ ఆమెకు ఆఫీసులో పని ఇచ్చింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. మొగిలి వాకిట్లో నిలబడి అంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నాకు ఎరుకున్న ముచ్చట నాకే చెప్తే ఏమొస్తదన్న? నాకు కాదు నువ్వు చెప్పాల్సింది. నడువు."

ముగ్గురం ఖాజా షెడ్డుకు నడిచాం. సాయంత్రం వేళ. ఖాజా ఒక ఆటో కింద పడుకుని పని చేస్తున్నాడు. ఎదురుగా చాయ్ హోటల్ నిండుగా ఉంది. మొగిలి షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఖాజా అన్న, నువ్వు నిజమే చెప్పినవ్. నేను జీపుల లేను. నిన్ను ఎవ్వరు కొనలె. అమ్ముడువోయింది నేను."

ఆటో కింద చప్పుడు ఆగింది. ఖాజా మెల్లగా బయటికి వచ్చాడు. గడ్డం తెల్లబడింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ మొగిలి మొహం, నా మొహం, స్వరూప మొహం చూశాడు. తల తిప్పి హోటల్ వైపు చూశాడు.

"జెర గట్టిగ చెప్పు," అన్నాడు. "ఆడికి ఇనవడలె."

మొగిలి అటు తిరిగాడు. రోడ్డు మీద బొగ్గు లారీ పోతోంది. అది పోయేదాకా ఆగి, గొంతెత్తి మొదటి నుంచి మళ్లీ చెప్పాడు.